మా అమ్మాయి ఇలెవెన్ ప్లస్, నా నవోదయ

గోల్డర్స్ గ్రీన్ స్టేషన్ బయట నుంచి హెచ్ టూ అనే చిన్న బస్సు ఒకటి బయల్దేరుతుంది. హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ వీధుల్లో ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. దారిలో చాలాచోట్ల దానికి స్టాపులుండవు. చెయ్యెత్తితే ఆగుతుంది, దిగాలంటే డ్రైవరుకు చెప్పాలి. మా అమ్మ ఆర్నెల్ల వీసా మీద వచ్చి అప్పటికి మూడు వారాలు. లండన్‌లో ఆమెకు మనసారా నచ్చింది మొదట ఆ బస్సే. "ఇదుగో, మన పల్లెవెలుగు!" అంది.

మేం వెళ్తున్నది బడి చూడ్డానికి. మా ఇల్లు హారోలో. అక్కడి నుంచి 183 బస్సెక్కి కెంటన్, కింగ్స్‌బరీ, హెండన్ మీదుగా గోల్డర్స్ గ్రీన్‌కి రావాలి, మళ్ళీ ఈ హెచ్ టూ. ట్రాఫిక్ లేకపోతే గంట, ఉంటే దేవుడి దయ. "మీ ఇంటి దగ్గర బళ్ళు లేకనా, ఈ పసిదాన్ని రోజూ ఇంతదూరం తిప్పుతానంటున్నావు?" అని అమ్మ దారంతా సణుగుతూనే ఉంది. ఆ పసిది ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర మంచి జవాబు లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇంగ్లండ్‌లో లేనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఇక్కడ ఫీజు లేని ప్రభుత్వ హైస్కూళ్ళలో అత్యధికం, దగ్గర్లో ఉన్న పిల్లల్ని పరీక్ష లేకుండా చేర్చుకుంటాయి. కానీ దేశం మొత్తం మీద 163 గ్రామర్ స్కూళ్ళు మిగిలాయి. వాటికి పదేళ్ళ వయసులో ప్రవేశ పరీక్ష రాయాలి. దాని పేరు ఇలెవెన్ ప్లస్. 1944 విద్యా చట్టం తర్వాత ఊరూరా ఉండేదట, తర్వాత చాలాచోట్ల ఎత్తేశారు. ఉన్న ఆ కొద్ది బళ్ళ కోసం మనవాళ్ళు పడే తాపత్రయం అంతా ఇంతా కాదు. లండన్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్ళ అద్దెల తర్వాత ఎక్కువ మెసేజీలు దాని గురించే.

అందులో అమ్మాయిల బళ్ళలో అందరి నోటా వినిపించే పేరు హెన్రియెట్టా బార్నెట్ స్కూల్. సీట్లు వంద పైచిలుకు. రాసేవాళ్ళు రెండు వేలకు పైనే. మొదటి రౌండ్ పెన్సిల్‌తో గుర్తులు పెట్టే పరీక్ష. అందులో పైనున్న మూడు వందల పైచిలుకు మందిని రెండో రౌండ్‌కు పిలుస్తారు. అది లెక్కలు, ఇంగ్లీషు, కాగితం మీద రాసేది.

ఈ లెక్కలు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఒక్కటే. నవోదయ.

చిలకలూరిపేట పక్కన పల్లెటూరు మాది. నేను ఐదో తరగతిలో ఉండగా మద్దిరాల నవోదయకు పరీక్ష రాశాను. జిల్లా మొత్తానికి 80 సీట్లు, అందులో మూడో వంతు ఆడపిల్లలకు. మెంటల్ ఎబిలిటీ అని బొమ్మలుండేవి. నాలుగు బొమ్మల్లో తేడాగా ఉన్నదేది, అద్దంలో చూస్తే ఇది ఎలా కనపడుతుంది, ఇలాంటివి. మా అమ్మాయికి ట్యూషన్‌లో మొదటిరోజు నాన్ వెర్బల్ రీజనింగ్ అని ఇచ్చిన పుస్తకం తెరిచాను కదా, అవే బొమ్మలు! చిలకలూరిపేట నుంచి హారో దాకా ముప్ఫై ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. నాకు నవోదయ సీటు రాలేదు. ఆ సంగతి మా ఆయనకు పెళ్ళైన పదకొండేళ్ళకు గానీ చెప్పలేదు. ఆయన తాడికొండ రెసిడెన్షియల్ బాపతు. పరీక్ష రాసి సీటు కొట్టినవాళ్ళకు రానివాళ్ళ బాధ చెప్పినా ఎక్కదు.

ట్యూషన్ సెంటర్ గురించి ఎక్కువ చెప్పను, పేరు అసలే చెప్పను. వారానికి రెండున్నర గంటలు, శనివారం పొద్దున. నెలకోసారి మాక్ టెస్ట్. టెస్ట్ అయ్యాక పిల్లల పేర్లు, ర్యాంకులు తెర మీద వేసేవాళ్ళు, తల్లిదండ్రులందరి ముందు. మూడోసారి మా అమ్మాయి పేరు 41 పక్కన కనపడింది. అది నా వైపు చూడకుండా షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. అప్పటికి లేసు ఊడలేదు. ఆ వారమే మాన్పించేశాను. కట్టిన టర్మ్ ఫీజు వెనక్కివ్వలేదు, అడిగితే షరతుల కాగితం చూపించారు. తర్వాత ఇంట్లోనే, రాత్రి భోజనాలయ్యాక నలభై నిమిషాలు. లెక్కలు ఆయన, బొమ్మలు నేను. ఇంగ్లీషు ఎవరికి వారే గొప్ప అనుకున్నాం గానీ, చివరికి లైబ్రరీ పుస్తకాలే చెప్పాయి.

బడి చూడ్డానికి వెళ్ళిన జూన్ రోజు దగ్గరికి మళ్ళీ వస్తాను.

బస్సు దిగి సెంట్రల్ స్క్వేర్‌లోకి రాగానే నేను ఆగిపోయాను. మధ్యలో పెద్ద పచ్చిక మైదానం, చెట్లు. ఒకవైపు పొడుగాటి శిఖరంతో సెయింట్ జూడ్స్ చర్చి, ఎదురుగా గుమ్మటంతో ఫ్రీ చర్చి. ఆ రెంటి మధ్య, తూర్పు వైపున, ఇటుకలతో కట్టిన బారైన భవనం. చిన్నచిన్న గళ్ళ అద్దాలతో, పైకి తోసి తెరిచే పొడవాటి కిటికీలు వరసగా. హారోలో ఏ బడి చూసినా ఇనుప గేటు, సీసీ కెమెరా, కార్ పార్కు ముందు కనపడతాయి. ఇది ఏదో సంస్థానం కచేరీలా ఉంది.

"ఇది కట్టింది ఎవరో తెలుసా?" అన్నాడు మా ఆయన. ఆయన ఎక్కడికి వెళ్ళినా ముందే చదువుకుని వస్తాడు, అదో రోగం. "ఎడ్విన్ లుటియెన్స్. ఢిల్లీ రాష్ట్రపతి భవన్ డిజైన్ చేసినాయన."

నాకు రాష్ట్రపతి భవన్ కాదు, హైదరాబాద్ హౌస్ గుర్తొచ్చింది. నా మొదటి ఉద్యోగం గుర్‌గావ్‌లో. ఆదివారం వస్తే నలుగురం ఆడపిల్లలం కలిసి ఢిల్లీ ఆంధ్రాభవన్ క్యాంటీన్ భోజనానికి పోయేవాళ్ళం. పప్పు, గోంగూర, నెయ్యి, అడిగినంత అన్నం. క్యూలో నిలబడితే పక్కనే ఆ గుమ్మటం కనపడేది. ఏడో నిజాం ఢిల్లీలో తనకోసం కట్టించుకున్న భవనం అది, 1920లలో. ఇప్పుడు ప్రధానమంత్రులు విదేశీ అతిథుల్ని కలిసే చోటు. దానికీ లుటియెన్స్‌దే డిజైన్. నిజాంకు గుమ్మటం గీసిన చెయ్యే, అంతకుముందు ఇక్కడ ఆడపిల్లలు చదువుకునే చోటుకు కిటికీలు గీసిందన్నమాట. గోంగూర పప్పు వాసన తగిలినట్టయింది, లండన్‌లో, చర్చి ముందు.

లోపల చూపించడానికి పెద్ద క్లాసుల అమ్మాయిలే వచ్చారు. మాకు దొరికిన అమ్మాయి వేగంగా మాట్లాడుతుంది, అంతకంటే వేగంగా నడుస్తుంది. అమ్మ వెనకపడిపోయింది. చూస్తే ఒక కిటికీ దగ్గర నిలబడి, చెక్క చట్రం మీద వేలు పెట్టి రాస్తోంది.

"ఇవి మార్చలేదా?" అని అడిగింది. నేను తర్జుమా చేశాను. లిస్టెడ్ బిల్డింగ్ కదా, ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఉండదని ఆ అమ్మాయి చెప్పింది. ఇక్కడ చారిత్రక కట్టడాలకు జాతీయ జాబితా ఒకటుంది. అందులో పేరు ఎక్కితే గోడ కూల్చాలన్నా, కిటికీ మార్చాలన్నా కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా చేస్తే జరిమానాతో పోదు, నేరం కింద కేసు అవుతుంది. స్క్వేర్‌లోని రెండు చర్చిలు అన్నిటికన్నా పై తరగతిలో, గ్రేడ్ వన్‌లో ఉన్నాయి. బడికి చోటు చాలక 2011లో రెండు కొత్త రెక్కలు కట్టినప్పుడు కూడా పాత భవనాన్ని మింగెయ్యకుండా చెరోపక్కన ఒదిగి ఉండేలా కట్టారు. మన ఊళ్ళో అయితే వందేళ్ళ బడి భవనం చూడగానే ముందు వచ్చే మాట "శిథిలావస్థ". తర్వాత ప్రొక్లెయినర్.

"మా బడికి ఇలాంటి కిటికీలే" అంది అమ్మ, మనవరాలితో. అమ్మ చదివింది గుంటూరులో, మిషన్ వాళ్ళ ఆడపిల్లల హైస్కూల్లో, హాస్టల్లో ఉండి. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చాక మొదలైన చదువుల పరంపర అది. ఆ సంగతులు అమ్మ నాకెప్పుడూ ఇంత చెప్పలేదు. మనవరాలికి మాత్రం ఎత్తైన కిటికీలు, బెంచీలు, టీచరమ్మల తెల్లచీరలు, అన్నీ చెప్పింది. దానికి సగం తెలుగు అర్థం కాదు. అయినా తలూపుతూ వింది.

హెన్రియెట్టా బార్నెట్ ఎవరో నాకు అప్పటిదాకా తెలియదు. ర్యాంకుల జాబితాలో మొదటి వరసలో ఉండే పేరు, అంతే. ఆమె ఒక పాదిరీ భార్య. 1873లో పెళ్ళవగానే భర్త శామ్యూల్‌తో కలిసి తూర్పు లండన్ వైట్‌చాపెల్ మురికివాడలో కాపురం పెట్టింది. చదువుకున్న కుర్రాళ్ళు పేదల మధ్య ఉండి పనిచేయాలని 1884లో అక్కడ టాయిన్‌బీ హాల్ స్థాపించారు. 1907లో గోల్డర్స్ గ్రీన్‌కు భూగర్భ రైలు రాబోతోందని తెలిసి, ఇక పొలాలన్నీ ఇళ్ళయిపోతాయని పోరాడి, హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద బయలు పక్కన 80 ఎకరాలు ఖాళీగా ఉంచేలా చేసింది. దాని పక్కనే 243 ఎకరాల్లో ఈ సబర్బ్ వేసింది. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ పక్కపక్కన ఉండాలి, ఎకరానికి ఎనిమిది ఇళ్ళే ఉండాలి, ప్రహరీ గోడల బదులు కంచె మొక్కలుండాలి. కల్లుపాకల్లాంటివి వద్దు. చర్చి గంటల మోత కూడా వద్దు. నట్టనడుమ గుళ్ళు, చదువు. 1911లో బడి మొదలైంది.

ఈ కథంతా మా ఆయన చెబుతుంటే మా అమ్మాయి వీధిలో ఆగి ఉన్న కార్లను చూసి, "మరి లేనివాళ్ళు ఎక్కడ, డాడీ?" అంది. ఇప్పుడు అక్కడ ఇల్లు కొనాలంటే మా ఇద్దరి జీతాలు ఈ జన్మకు చాలవు. ఆయన దగ్గర దానికి చదువుకొచ్చిన జవాబు లేదు.

మొదటి రౌండ్ సెప్టెంబరులో, సెలవులైపోయి ఇయర్ సిక్స్ మొదలైన రోజుల్లోనే. ముందురోజు రాత్రి నాకు నిద్రలేదు, అది హాయిగా పడుకుంది. పొద్దున 183 హెండన్ దగ్గర ఇరుక్కుపోయింది. ఇరవై నిమిషాలు చూసి, దిగిపోయి, టాక్సీ పట్టుకున్నాం. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, పరీక్షకు రమ్మన్న ఉత్తరం ప్రింటు ఇంట్లో ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద ఉంది. మర్చిపోకూడదనే అక్కడ పెట్టాను! నాకు చెమటలు పట్టాయి. మా అమ్మాయి బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. "నేను తెచ్చానమ్మా. నువ్వు మర్చిపోతావని."

పిల్లల్ని లోపలికి పంపాక పెద్దవాళ్ళం స్క్వేర్‌లో మిగిలిపోయాం. గుజరాతీ, తమిళం, చైనీస్, తెలుగు, అన్ని భాషల్లో ఒకటే టెన్షన్. అమ్మ పులిహోర డబ్బా తీసి బెంచీ మీద పెట్టింది. "ఇంత పెద్ద చర్చి, గంట కొట్టరా?" అంది. హెన్రియెట్టా గారి షరతు చెప్పాను. "ఆవిడెవరో మంచిదే" అంది అమ్మ, "హాస్టల్లో పొద్దున ఐదింటికి గంట కొట్టేవాళ్ళు. ఆ చప్పుడు ఇప్పటికీ గుండెల్లో ఉంది."

తర్వాత, అడక్కుండానే, నా వైపు చూడకుండా అంది.

"నవోదయలో నీ పేరు లేదని మీ నాన్న సైకిలు మీద వచ్చి చెప్పినప్పుడు నేను లోపలికి పోయి దేవుడికి దణ్ణం పెట్టుకున్నా."

నాకు అర్థం కాలేదు.

"నన్ను పదేళ్ళప్పుడు హాస్టల్లో వేశారే. నా సీటు కిటికీ పక్కన. రోడ్డు కనపడేది. నాయన వస్తాడేమోనని ఏడాదంతా ఆ రోడ్డే చూశా. లెక్కలు ఒక్కటీ బుర్రకెక్కలేదు. నిన్నూ పంపాలంటే నా వల్ల కాదనుకున్నా. కానీ మీ నాన్నకు ఆశ. నీకూ ఆశ. ఎట్టా చెప్పను?"

ముప్ఫై ఏళ్ళు నేను ఆ రోజును మోశాను. ఇంట్లో అందరూ నా వల్ల తలదించుకున్నారనే అనుకున్నాను. వంటింట్లో ఒక మనిషి దణ్ణం పెట్టుకుంటోందని నాకేం తెలుసు! కోపం వచ్చింది, నవ్వు వచ్చింది. పులిహోరలో జీడిపప్పు ఏరుకు తింటూ కూర్చున్నాను.

పరీక్ష నుంచి పిల్లలు వరసగా బయటికొచ్చారు. ఏమొచ్చాయని అడిగితే, "చెప్పకూడదన్నారు" అంది మా అమ్మాయి. నిజంగానే చెప్పలేదు. పక్కనున్న నాన్నలు ఇద్దరు తమ పిల్లల దగ్గర గుట్టు లాగడానికి తెగ కష్టపడుతున్నారు.

మొదటి రౌండ్ దాటింది. ఉత్తరం వచ్చిన సాయంత్రం మా ఆయన లడ్డూలు తెచ్చాడు. అప్పుడే వద్దంటే వినలేదు. అక్టోబరులో రెండో రౌండ్. ఈసారి ముందురోజే ప్రింటు దాని బ్యాగులో పెట్టాను, అది తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది. బయటికొచ్చాక, "లెక్కల్లో చివరిది రాలేదు. ఇంగ్లీషు మాత్రం చాలా రాశాను, చేయి నొప్పి" అంది. ఎలా రాసిందో దాని మొహం చూస్తే తెలియలేదు. పదేళ్ళకే మొహంలో ఏమీ కనపడనివ్వకపోవడం ఎక్కడ నేర్చుకుందో. ఆ ట్యూషన్ తెర ముందే అయుంటుంది.

ఇక్కడ ఒక్క విషయం, రాబోయే ఏడు రాయించేవాళ్ళకు పనికొస్తుందని. పరీక్షకు నమోదు వేరు, కౌన్సిల్ ఫారం వేరు. పరీక్ష ఎంత బాగా రాసినా, అక్టోబరు 31లోపు మీ కౌన్సిల్‌కు పెట్టే దరఖాస్తులో ఆ బడి పేరు రాయకపోతే సీటు రాదు. లండన్‌లో ఆరు బళ్ళు రాయొచ్చు. మొదటి పేరుగా రాస్తే బడివాళ్ళు సంతోషిస్తారని, రెండోదిగా రాస్తే కోపగించుకుంటారని గ్రూపుల్లో నడిచే మాట ఉత్తిది. మీరు ఏ వరసలో రాశారో బళ్ళకు చూపించరు. మీ పిల్లకు అర్హత వచ్చినవాటిలో మీ వరసలో పైనున్నది మీకొస్తుంది. కాబట్టి నిజంగా ఇష్టమున్న వరసలోనే రాయండి. మా అమ్మాయి చేతే రాయించాను. ఒకటోది హెన్రియెట్టా బార్నెట్. రెండోది మా హారోలోనే, ఇంటికి పన్నెండు నిమిషాల నడకలో ఉన్న బడి. దూరంగా ఉన్న ఇంకో గ్రామర్ స్కూల్‌ను మా ఆయన రెండో చోట పెట్టమన్నాడు. అది మూడో చోట పెట్టి, సబ్మిట్ నొక్కేసింది.

అమ్మ నవంబరులో వెళ్ళిపోయింది.

మార్చి 1 ఇక్కడ దేశమంతా ఫలితాల రోజు. లండన్‌లో సాయంత్రం ఈమెయిల్ వస్తుంది. ఆఫీసులో పని ఒక్కటీ ముందుకు పోలేదు. ఐదు దాటాక వచ్చింది. రెండోది. మా హారో బడి.

ఎలా చెప్పాలా అని నేను మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తుంటే అదే వచ్చి నా చేతిలో ఫోన్ తీసుకుని చదివింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బాత్రూంలోకి పోయి తలుపు గడియ పెట్టుకుంది. ఇరవై నిమిషాలు. నేను బయట కూర్చున్నాను. మా నాన్న సైకిలు మీద ఒక్కమాట మాట్లాడకుండా తొక్కుకుంటూ నన్ను ఇంటికి తెచ్చిన దారి గుర్తొచ్చింది, అంచేత తలుపు ఇవతల నుంచి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. బియ్యం అయిపోయాయని, రేపు బట్టలు ఉతకాలని. చివరికి లోపల నుంచి, "అమ్మా, ప్లీజ్, కాసేపు ఊరుకోవా?" అని వినపడింది.

వెయిటింగ్ లిస్టులో పేరు ఉంచుతారా అని అడుగుతారు. మా ఆయన ఉంచమన్నాడు, ఉంచాం. జూన్‌లో, జూలైలో ఫోన్ మోగినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడేవాడు. ఆగస్టులో హారో బడి యూనిఫాం కొన్నాక మానేశాడు.

సెప్టెంబరులో మొదటి వారం గడిచాక అమ్మ గుంటూరు నుంచి వీడియో కాల్ చేసింది. నేను బడి గురించి, టీచర్ల గురించి, హోంవర్క్ యాప్ గురించి చెబుతుంటే మధ్యలోనే ఆపి, ఫోన్ దానికివ్వమంది.

"అమ్మలూ, నీ సీటు ఎక్కడే? కిటికీ పక్కనేనా?"

"అవునమ్మమ్మా."

అమ్మ మొహం ఒక్క క్షణం మారింది. "ఏం కనపడుతుంది?"

"రోడ్డు. బస్సులు. నూట ఎనభై మూడు కూడా కనపడుతుంది. రోజూ లేటే."